కథలు పట్టిన బిందె

నేను ఒక గుమ్మెటను. బుర్రకథలో కథకురాలి పక్కన నిలబడి వంత పాడేవాడు పొట్టకు ఆనించుకుని రెండు చేతులా వాయిస్తాడే, ఆ వాయిద్యాన్ని. నాకు ఒకవైపు తోలు, ఒకవైపు నోరు. కుడిచేత్తో తోలు మీద కొడుతూ ఎడమచేత్తో నోరు మూస్తూ తెరుస్తూ ఉంటారు. మూసినప్పుడు ఒక మాట, తెరిచినప్పుడు ఇంకో మాట. మనుషుల్లో కొందరికి కూడా ఈ ఏర్పాటు ఉంటే బాగుండేదని నాకు చాలాసార్లు అనిపించింది.

సాటి గుమ్మెటలను చూసినవాళ్ళు నన్ను చూస్తే నవ్వుతారు. వాటివి మట్టి ఒళ్ళు, తీరైన నడుములు. నాది ఇత్తడి. పొట్ట చూస్తే నెలలు నిండినట్టుంటాను. దాచి ఏం లాభం? పుట్టడం నేను బిందెగా పుట్టాను.

కంచరి కోటిలింగం తండ్రి నన్ను చేశాడు. రేకును నిప్పులో పెట్టి, దాగలి మీద వేసి, పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా సుత్తితో కొట్టాడు. కొట్టినకొద్దీ నాకు పొట్ట వచ్చింది. తిడితే బుద్ధి వస్తుందని మనుషులు పిల్లలను తిడుతుంటారు. వాళ్ళకు వచ్చిందో లేదో నాకు తెలియదు గాని, నాకు మాత్రం దెబ్బలవల్లే ఆకారం వచ్చింది.

నన్ను కొన్నావిడ పేరు అమ్మాజీ. కొన్నది కూతురి కోసం. "పేరేం కొట్టమంటావమ్మా?" అని కంచరి అడిగాడు. "మా పేరంటాలుది బాబూ" అందావిడ. ఆయన చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. ఉలి తీసి నా మెడకింద చుక్కలు చుక్కలుగా 'మా పేరంటాలుది' అని కొట్టి ఇచ్చాడు. ఆవిడకు చదువు రాదు. చుక్కలు బాగున్నాయని మురిసిపోయి పట్టుకెళ్ళింది.

పేరంటాలు నన్ను చంకన పెట్టుకునే పెరిగింది. నన్ను చంకన పెట్టుకునే బుల్లబ్బాయి ఇంటికి కాపరానికి వచ్చింది. కుళాయి దగ్గర ఆడవాళ్ళ వరసలో నిలబడి నిలబడి, నీళ్ళకంటే మాటలే నేను ఎక్కువ మోశాను. ఎవరి కోడలు ఎవరితో పలకడం లేదో, ఎవరింట్లో పాలు విరిగాయో అన్నీ నాకు తెలుసు. కడుపులో పెట్టుకున్నాను. ఒక్కటి ఒలకలేదు.

ఇంతలో పేరంటాలు పెద్ద కథకురాలయింది. కుడిభుజం మీద తంబుర, వేళ్ళకు అందెలు, కాళ్ళకు గజ్జెలు, నుదుట రూపాయంత బొట్టు. ఆవిడ ముందుకు నాలుగడుగులు వేసి వెనక్కి నాలుగడుగులు వేస్తుంటే కూర్చున్నవాళ్ళ తలలు కూడా ముందుకూ వెనక్కీ ఊగేవట. అటు పక్క తన గుమ్మెటతో ఆవిడ తమ్ముడు దొరబాబు. మీసం పెద్దది, మాట చిన్నది. ఇటు పక్క హాస్యం చెప్పే వంత, బుల్లబ్బాయి. యాభై దాటినా పేరు బుల్లబ్బాయే, బుద్ధి కూడా దాదాపు అంతే. కథ మధ్యలో అడ్డదిడ్డమైన ప్రశ్నలు వెయ్యడం వాడి పని. వంత అడిగిన ఏ ప్రశ్నకూ జవాబు చెప్పకుండా కథకురాలు కథ ముందుకు నడపకూడదు. అది బుర్రకథ కట్టుబాటు. ఎంత తిక్క ప్రశ్న అయినా సరే.

ఇవన్నీ నేను ఇంట్లో స్టాండు మీద కూర్చుని విన్న సంగతులే. కథకు ఎప్పుడూ నన్ను తీసుకెళ్ళలేదు. బిందెను ఎవరు తీసుకెళ్తారు?

బుల్లబ్బాయి దగ్గర తాతలనాటి మట్టి గుమ్మెట ఒకటి ఉండేది. కార్తీకమాసం రాగానే పట్నంలోని ఒక కాలనీ సంఘంవాళ్ళు వనభోజనాల్లో కథ చెప్పమని వీళ్ళను పిలిచారు. ఆ పిలుపు విన్న సంతోషంలో బుల్లబ్బాయి మోపెడ్ మీద వస్తూ, వెనక కూర్చున్న దొరబాబుకు కథలో కోతి ఎలా గెంతుతుందో చూపించాడు. చూపించడానికి రెండు చేతులూ వదిలేశాడు. కోతి బాగానే వచ్చిందట. మోపెడ్ కాలవగట్టు దిగింది. ఇద్దరికీ ఏమీ కాలేదు. గుమ్మెట మాత్రం పెంకులైపోయింది.

మట్టి గుమ్మెటలు చేసే కుమ్మరులు ఇప్పుడు లేరు. వనభోజనాలు ముంచుకొచ్చాయి. పేరంటాలు చెల్లెలి మనవడి అన్నప్రాసనకని పొరుగూరు వెళ్ళింది. బుల్లబ్బాయి ఇంట్లో ఒక్కడే కూర్చుని గోడవంక, దూలంవంక, చివరికి నావంక చూశాడు. ఆ చూపు నాకు నచ్చలేదు. లేచొచ్చి వేలితో నా పొట్టమీద టంగుమని కొట్టి, చెవి పెట్టి విన్నాడు. ఆ తర్వాత నన్ను గోనెసంచిలో వేసుకుని కోటిలింగం కొట్టుకు తీసుకెళ్ళాడు.

"అడుగు కోసేమంటావా? మంచి బిందె గదయ్యా" అన్నాడు కోటిలింగం. "మీ ఆవిడితో చెప్పావా?"

"ఆయ్! చెప్పకుండా చేత్తానా?" అన్నాడు బుల్లబ్బాయి.

చెప్పడమంటే ముందు చెప్పడమని కోటిలింగం అనుకున్నాడు. చెప్పడమంటే ఎప్పుడో ఒకప్పుడు చెప్పడమని బుల్లబ్బాయి అనుకున్నాడు. ఆ రెండు అనుకోవడాల మధ్య నా అడుగు ఊడిపోయింది.

బుల్లబ్బాయి మేకతోలు నానబెట్టి, చింతగింజల జిగురు పూసి, నా ఊడిన అడుగు మీద పరిచి, తాళ్ళతో బిగించి ఎండలో పెట్టాడు. తోలు ఎండుతున్నకొద్దీ నాకు గొంతు లేస్తున్నట్టయింది. సాయంత్రం మొదటి దెబ్బ వేశాడు. దిమ్మ్! నా మాట విని నేనే అదిరిపోయాను. ఇంత మాట కడుపులో పెట్టుకుని ఇన్నేళ్ళూ నోరు మూసుకుని నీళ్ళు మోశానా! రెండో దెబ్బ, మూడో దెబ్బ. పక్కింటి గేదె తాడు తెంపుకుంది. వీధిలో పిల్లలు పరిగెత్తుకొచ్చారు. బుల్లబ్బాయి నన్ను పట్టుకుని పెరడంతా గెంతాడు. మేమిద్దరం అంత ఆనందంగా ఎప్పుడూ లేము.

ఆ ఆనందంలో పేరంటాలుతో ఎలా చెప్పాలో ఆలోచించడం మరిచిపోయాడు. మర్నాడు ఆవిడ వీధి మలుపు తిరిగిందని తెలియగానే హడావిడిగా నన్ను తీసి ఎప్పటిలాగే స్టాండు మీద కూర్చోబెట్టాడు. నోరు పైకి, తోలు కిందికి. పైనుంచి చూస్తే నేను మొన్నటి బిందెనే.

ఆవిడ ఎండన పడి వచ్చింది. చెంబుతో మూడొంతులు తాగి, మిగిలిన నీళ్ళు అలవాటు చొప్పున నాలో పోసింది.

దిమ్మ్, అన్నాను నేను. ఏం చెయ్యను? అలవాటైపోయింది.

పేరంటాలు ఆగింది. వంగి లోపలికి చూసింది. చెయ్యి పెట్టి కిందికి తడిమింది. మెత్తగా తగిలింది. తిరిగి మొగుడివంక చూసింది. బుల్లబ్బాయి దూలాలు లెక్కపెడుతున్నాడు.

ఆవిడ అరుస్తుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. అలాంటివేమీ చెయ్యలేదు. అరుగుమీద కూర్చున్న తమ్ముణ్ణి పిలిచింది.

"ఒరే దొరబాబూ, మీ బావతో చెప్పు. కాలనీవోళ్ళకి మాటిచ్చాం గాబట్టి ఈ ఒక్క కథా చెప్తాను. అదయ్యాకా దీన్ని కరిగించేసి మల్లీ బిందె చేయించుకుంటాను. ఇంక ఆయన వంత నాకు అక్కర్లేదని చెప్పు."

బుల్లబ్బాయి పక్కనే ఉన్నాడు. దొరబాబు అటు తిరిగి, "బావా, ఈ ఒక్క కథేనంట" అన్నాడు.

"ఇన్నాన్రా" అన్నాడు బుల్లబ్బాయి పీలగా.

అలా మొదలైంది మౌనం. "ఒరే, మీ బావని అన్నానికి రమ్మను." "అక్కా, వత్తన్నాడంట." "కూరలో ఉప్పు చాలిందేమో అడుగు." "చాలిందంటక్కా." "ఆయన మాట నాకొద్దు, నువ్వు తిని చెప్పు." పాపం దొరబాబు ఏడాదిలో మాట్లాడేన్ని మాటలు ఆ నాలుగు రోజుల్లో మాట్లాడి గొంతు బొంగురు పోగొట్టుకున్నాడు. నా సంగతి చెప్పక్కర్లేదు. నిన్నగాక మొన్న గొంతు వచ్చింది. అప్పుడే కొలిమి కనిపిస్తోంది. కరిగితే మళ్ళీ బిందెనవుతాను, నిజమే. కానీ ఒకసారి దిమ్మ్ అన్నాక మళ్ళీ నీళ్ళు మొయ్యాలంటే ఎలా ఉంటుందో నన్నడగండి.

వనభోజనాలు ఒక సపోటా తోటలో. మేం వెళ్ళేసరికే జనం తిరనాళ్ళలా ఉన్నారు. తాతలు, మామ్మలు, చంకబిడ్డలు, కొత్త పెళ్ళికూతుళ్ళు. ఉసిరిచెట్టు చుట్టూ దీపాలు, సపోటా కొమ్మలకు ఉయ్యాలలు, ఆ మూల తాడు లాగే పందెం, ఈ మూల కుర్చీలాట. గాడిపొయ్యి మీద గంగాళంలో పప్పుచారు తెర్లుతోంది. పులిహోర, పనసపొట్టు కూర, పూర్ణాలు వడ్డించారు. పట్నంవాళ్ళు ఇళ్ళల్లో ఆచితూచి తింటారట. ఇక్కడ ఆ కక్షంతా తీర్చుకున్నారు. తిన్నవాళ్ళు తిన్నట్టే చాపల మీద ఒరిగిపోయారు.

సంఘం కార్యదర్శి ప్రసాదరావు గారు మైకు పట్టుకుని తిరుగుతున్నారు. వేరెవరికైనా దొరుకుతుందేమోనని ఆయన భయం. "చూడండమ్మా," అన్నారు పేరంటాలుతో, "పిల్లలకు అర్థమయ్యేది చెప్పండి. యుద్ధాలూ తలకాయలు నరకడాలూ వద్దు. తొందరగా ముగించండి, తర్వాత తంబోలా ఉంది."

పేరంటాలు ముఖం మాడిపోయింది. తలకాయలు తెగని కథ వీళ్ళ దగ్గర ఒకటే ఉంది. అది మొగుడితో మాట్లాడటం మానేసిన రాణి కథ. ఏళ్ళతరబడి చెబుతున్నారు. కానీ ఈ ఏడు, ఈ రోజు, ఈ మొగుడు పక్కనుండగా! దొరబాబు ఆవిడవంక, బావవంక చూసి, దేవుడివంక చూశాడు.

కథకు ముందు గుమ్మెటను నిప్పుసెగకు చూపించాలి. తోలు బిగుస్తుంది. బుల్లబ్బాయి అలవాటుగా నన్ను గాడిపొయ్యి దగ్గర పెట్టి, వంటవాడితో కబుర్లలో పడ్డాడు. మట్టి గుమ్మెటైతే ఎంతసేపున్నా పెద్దగా వేడెక్కేది కాదు. నాది ఇత్తడి. బిందెను గుమ్మెటగా మార్చినవాడికి బిందె పొయ్యి దగ్గర కాలుతుందని తట్టకపోవడం నాకు ఇప్పటికీ విడ్డూరమే.

"బుర్రకథవారు వేదిక మీదికి రావాలి!" అని మైకు అరిచింది. బుల్లబ్బాయి పరిగెత్తుకొచ్చి, తువ్వాలు చుట్టిన చేత్తో నన్ను తాడుపట్టి ఎత్తి, వేదికెక్కి, పొట్టకు ఆనించుకున్నాడు.

"అయ్య బాబోయ్!"

ఎగిరాడు. నన్ను కుడిపక్కకు మార్చాడు. మళ్ళీ ఎగిరాడు. ఎడమపక్కకు మార్చాడు. "హమ్మా, హమ్మమ్మా!" అంటూ వేదికంతా ఒంటికాలి మీద తిరిగాడు. తిరుగుతూనే, వంతవాడు కదా, దరువు తప్పనివ్వలేదు. దొరబాబుకు ఏం చెయ్యాలో తోచక "తందాన తాన!" అన్నాడు. చాపల మీద ఒరిగినవాళ్ళు ఒక్కొక్కరే లేచి కూర్చున్నారు. పిల్లలు ఉయ్యాలలు వదిలి పరిగెత్తుకొచ్చారు. ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీలో కామేశ్వరి మామ్మగారని ఒకావిడ, నోట్లో పళ్ళు లేవు, పడీ పడీ నవ్వుతోంది. "ఎంత బాగా చేస్తున్నాడర్రా! ఒళ్ళు కాలినవాడు కూడా ఇంత బాగా గెంతలేడు!" అంది.

కథ మొదలైంది. పేరంటాలు తంబుర మీటి, అందెలు గలగలలాడించి, గొంతెత్తితే సపోటాల మీది గబ్బిలాలు ఎగిరిపోయాయి. అనగనగా గంధవరం. ఆ గంధవరానికి రాజు. ఆ రాజుకు రాణి. ఆ రాణికి ప్రాణంలాంటి పంచరంగుల చిలక. పొరుగు రాజు చుట్టపుచూపుగా వచ్చాడు. చిలక బాగుందన్నాడు. బాగుందన్న మాట పూర్తికాకముందే ఈ రాజు తీసి ఇచ్చేశాడు.

"రాణిని అడక్కుండా!" అంది పేరంటాలు. ఎప్పుడూ ఒక్కసారే అనే మాట. ఆ రోజు మూడుసార్లంది. "అడక్కుండా! అడక్కుండా!" మూడోసారి అందెల చప్పుడు సరిగ్గా బుల్లబ్బాయి చెవి దగ్గర మోగింది.

ఇక్కడ వంతవాడు అనవలసిన మాట ఒకటుంది. ఎన్నో ఏళ్ళుగా అంటున్నాడు. ప్రతిసారీ జనం నవ్వుతారు. ఆ మాట నోటికి రాకుండా ఆపుకోవాలని బుల్లబ్బాయికి తోచిందో లేదో నాకు తెలియదు. అలవాటు వాడికంటే ముందు పరిగెత్తింది.

"పోనిద్దురూ! అదెంత పని? పోతే ఇంకోటి వత్తాది!"

మగవాళ్ళు గొల్లున నవ్వారు. పేరంటాలు నవ్వలేదు. ముందుకు వేసిన అడుగు అక్కడే ఆగింది. తంబుర ఆగింది. మెల్లగా మొగుడివైపు తిరిగింది.

"ఏంటీ? అదెంత పనా?"

ఇది కథలో లేదు. దొరబాబు గుమ్మెట ఆగిపోయింది.

"ఇంకోటి వత్తాదా?" అంది పేరంటాలు. "అదేవన్నా చెట్టున కాసిందా? మా అమ్మ ఇచ్చిందయ్యా అది!"

"రాణిగారి అమ్మగారాండీ?" అన్నాడు బుల్లబ్బాయి, ఎలాగైనా కథలోకి దూరిపోదామని.

"రాణిగారి అమ్మగారే!" అంది ఆవిడ పళ్ళు బిగించి. "బజారంతా తిరిగి తిరిగి, టంగుటంగున కొట్టి చూసి తెచ్చింది!"

"చిలకని టంగుమని కొడతారా?" అని ముందు కూర్చున్న ఒక పిల్ల అడిగింది. రెండు జడలు, మూతికి పూర్ణం. ఆ పిల్ల నావంక అప్పటికే చాలాసేపటినుంచి చూస్తోంది. లేచి నిలబడి వేలు చూపించింది. "అమ్మా, అది డప్పు కాదే. బిందె! మెడదగ్గర పేరు కూడా ఉంది. మా... పే... రం... టా... లు... ది. మా పేరంటాలుది!"

కథ మొదలవకముందే ప్రసాదరావు గారు మైకులో మూడుసార్లు చెప్పి ఉన్నారు, కథకురాలి పేరు పేరంటాలని. చాపల మీది ఆడవాళ్ళందరికీ ఒక్కసారే అర్థమైంది. అలాంటివి వాళ్ళకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

"ఓరి నీ దుంపతెగ!" అంది కామేశ్వరి మామ్మగారు. "పెళ్ళాం బిందె కోయించేశావుట్రా?"

"అమ్మిచ్చిన బిందే!" అంది వెనకనుంచి ఇంకొకావిడ. "మా ఆయనా అంతేనమ్మా, మా నాన్నిచ్చిన టేకు బీరువా తలుపుతో కుక్కకి ఇల్లు చేశారు."

"అది పాతది కదే" అన్నాడు ఆ ఆయన.

"మాట్లాడకండి!"

ఒక్కొక్క చాప మీదనుంచి ఒక్కొక్క పాత కేసు లేచింది. పట్టుచీర కోసి సోఫాకు వేసిన సంగతి ఒకచోట, వీణ మీద బట్టలారేసిన సంగతి ఒకచోట. మగవాళ్ళు ఒకరి వెనక ఒకరు దాక్కుంటున్నారు. పిల్లలు ఎవరి పక్షమో తేల్చుకోలేక రెండు పక్షాలకూ చప్పట్లు కొడుతున్నారు. ప్రసాదరావు గారు "దయచేసి నిశ్శబ్దం" అంటుంటే ఆయన భార్యే మైకు లాక్కుని "నువ్వు చెప్పమ్మా పేరంటాలూ!" అంది.

నేను బుల్లబ్బాయి పొట్టమీద ఉన్నాను. కనక చెబుతున్నాను, వాడు నన్ను ఇంకా గట్టిగా అదుముకున్నాడు. అయితే నవ్వించడానికి పుట్టిన మనిషికి ఒక గుణముంటుంది. నవ్వు దొరకనిచోట నిజం అడిగేస్తాడు. నాలుగు రోజులుగా ఇంట్లో అడగలేకపోయిన మాట అక్కడ, వేదిక మీద, కట్టుబాటు చాటున అడిగాడు.

"కథకురాలు గారూ, నాదొక ప్రశ్నండీ."

ఆవిడ అందెల చెయ్యి నడుం మీద పెట్టుకుంది.

"రాజు అడక్కుండా తీసేసుకున్నాడు. తప్పేనండీ. బుద్ధి గడ్డి తిందండీ. ఒకేళ అడిగుంటే... రాణి ఇచ్చేదాండీ?"

వంతవాడు అడిగాడు. జవాబు చెప్పకుండా కథ కదలకూడదు. పేరంటాలు తంబుర తీగమీద వేలు పెట్టి నిలబడింది. అన్ని చాపలూ ఆవిడవంకే చూస్తున్నాయి. గంగాళం కడిగే వంటవాడు కూడా గరిటె పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. "ఇచ్చేది కాదు" అంటే నాకు కొలిమే. ఆవిడ నోరు తెరిచేలోగా నేను ఒకసారి పూర్తిగా కరిగి మళ్ళీ గట్టిపడ్డాను.

"ఇచ్చేది" అంది పేరంటాలు.

ఎంత నెమ్మదిగా అందంటే మైకు లేకపోతే మొదటి వరసకు కూడా వినబడేది కాదు.

"ఇచ్చేదయ్యా. ఆ రాణి చిన్నప్పుడు కుళాయి కాడ నీళ్ళొచ్చేదాకా కూకుని, ఆ బిందె మీదే దరువేసుకుంటా పాటలు నేర్సుకుంది. అమ్మలక్కలందరూ చుట్టూ చేరి ఇనేవోరు. అదే ఆ రాణి మొట్టమొదటి కథ. మొట్టమొదటి గుమ్మెటా అదే. దాంట్లో ఏం మాట ఉందో నీకంటే ముందు ఆవిడికి తెల్సు. అడిగుంటే తనే చంకనేసుకుని కంచరి కొట్టుకి తీసుకెళ్ళేది. ఎంత మేర కొయ్యాలో గీత గీసి చూపించేది. నువ్వు రెండంగుళాలు ఎక్కువ కోయించావు గాబట్టే ఆ గొంతు ఒదులుగా ఉంది!"

తోటంతా ఒక్కసారి నవ్వింది, చప్పట్లు కొట్టింది, ఈలలు వేసింది. బుల్లబ్బాయి మాత్రం కళ్ళు తుడుచుకున్నాడు. తుడుచుకుని, "మరి రాజుగారికి శిక్షేంటండీ?" అని జనంవైపు తిరిగాడు.

"గుంజీలు!" అంది మామ్మగారు, కుర్చీలోంచి సగం లేచి.

అడుగు ఊడిన రోజుకంటే ఎక్కువగా నా ఒళ్ళు హూనమైపోయింది ఆ గుంజీలప్పుడే. నన్ను ఒక చేత్తో కౌగలించుకుని, రెండో చేత్తో చెవి పట్టుకుని బుల్లబ్బాయి లేస్తూ కూర్చుంటూ ఉంటే, దొరబాబు దరువు వేశాడు. రెండు జడల పిల్ల కూడా మొదలుపెట్టింది. ఆ పిల్లను చూసి పిల్లలంతా మొదలుపెట్టారు. కుక్క ఇల్లు కట్టినాయన భార్య చూపు చూసి తనంతట తనే లేచాడు. పట్టుచీర ఆయన, వీణ ఆయన, చివరికి ప్రసాదరావు గారు కూడా పంచె ఎగ్గట్టి దిగారు. పులిహోర తిన్న పొట్టలన్నీ ఒకే తాళానికి లేచి కూర్చుంటున్నాయి. పేరంటాలు వేగం పెంచింది. దరువు వేగం పెంచింది. ఎవరో దబ్బున పడ్డారు. పడ్డవాళ్ళమీద ఇంకొకరు పడ్డారు. అందరూ నవ్వుల్లో పడ్డారు. తంబోలా సంగతి ఎవరికీ గుర్తులేదు.

ఆ తర్వాత కథ పద్ధతిగా నడిచింది. రాజు రాణిని మాట్లాడించడానికి కోతిని తెచ్చాడు, ఏనుగును తెచ్చాడు, చివరికి గుంజీలు తీశాడు. ఈ చివరిది ఆ రోజు నుంచే కథలో చేరింది. "మాట్లాడు రాణీ!" అని పిల్లలు గొంతులు చించుకుంటుంటే, రాణి నోరు తెరిచి, ఎప్పుడూ అనే మాటే అంది: "ఆకలేస్తోందండీ, అన్నం పెట్టండి." తందాన తాన.

జనం మూగారు. మామ్మగారు పేరంటాలు గడ్డం పట్టుకుని ముద్దుపెట్టుకుంది. పిల్లలు వరస కట్టి నన్ను తలా ఒక దెబ్బ వేశారు. అయితే నాకు ఒక భయం పోలేదు. వేదికమీద మాట్లాడటం వేరు. అక్కడ బద్ధశత్రువులు కూడా తందాన అంటారు. దిగాక ఏం జరుగుతుంది?

జనం బస్సులెక్కారు. పొద్దు వాలింది. సపోటా చెట్టు కింద పేరంటాలు గజ్జెలు విప్పుతోంది. బుల్లబ్బాయి కొంచెం దూరంలో నిలబడ్డాడు. దొరబాబు ఇద్దరి మధ్య, మాటలు మొయ్యడానికి సిద్ధంగా, అలవాటుగా నోరు తెరుచుకుని ఉన్నాడు.

పేరంటాలు లేచొచ్చి నన్ను అందుకుంది. తిప్పి చూసింది. తోలు నొక్కి చూసింది. ఒక దెబ్బ వేసి, తల వంచి, చప్పుడు పూర్తిగా ఆగిపోయేదాకా విన్నది. తర్వాత తమ్ముడివంక కాదు, మొగుడివంక చూసి అంది:

"పొట్టకి అంత గట్టిగా నొక్కేసి వాయించకయ్యా. దాని గొంతు నులిమేత్తన్నావు."

దొరబాబు నోరు మూసుకున్నాడు.

"ఆయ్" అన్నాడు బుల్లబ్బాయి.

"రేపట్నుంచి నేను నీళ్ళు దేంతో తెచ్చుకోవాలి?"

"నేను తెత్తానే."

"దేంతో తెత్తావు? దోసిట్లోనా?"

బుల్లబ్బాయి బుర్ర గోక్కున్నాడు. "ప్లాస్టిక్ బిందె కొనేత్తా, ఎల్తా ఎల్తా." రెండడుగులు మోపెడ్ వైపు వేశాడు. ఆగాడు. వెనక్కి తిరిగాడు. "పేరంటాలూ... ఏ రంగుది కొనమంటావు?"

ఆవిడ పెదవులు బిగించి ఆపుకోబోయింది. ఆగలేదు. చెట్టును పట్టుకుని నవ్వింది. దొరబాబు కూడా నవ్వాడు. వాడి నవ్వు నేను వినడం అదే మొదలు, అచ్చం గుమ్మెటలా ఉంది.

"పచ్చది" అంది.

"ఆకుపచ్చా, పసుపుపచ్చా?"

"పసుపుపచ్చ."

"చిన్నదా, పెద్దదా?"

"ఇంక బండి తియ్యవయ్యా బాబూ!"

ముగ్గురూ ఒకే మోపెడ్ మీద, పేరంటాలు ఒళ్ళో నేను. కాలవగట్టు మీద గతుకు వచ్చినప్పుడల్లా దిమ్మ్, దిమ్మ్ అంటూ ఇంటికి వచ్చాను.

ఇప్పుడు నాకు వయసు మళ్ళింది. తోలు చాలాసార్లు మార్చారు. పేరంటాలు గీసి చూపించిన మేరకు కోటిలింగం నాకు రెండంగుళాల పట్టీ అతికాడు, గొంతు కుదిరింది. ఎన్నో తోటలు, ఎన్నో తీర్థాలు చూశాను. మనుషుల సంగతి ఏమిటంటే, ఒక పాఠం నేర్చుకోరు, నేర్చుకుంటే వదలరు. ఆనాటినుంచి బుల్లబ్బాయి అడగడం మొదలుపెట్టాడు. తలుపు వెయ్యనా? దీపం తియ్యనా? మజ్జిగలో ఉప్పెయ్యనా? పక్కమీద ఇటు తిరిగి పడుకోనా? "ఒక్కసారి అడగమన్నందుకు నా ప్రాణాలు తోడేత్తన్నాడర్రా ఈ మనిషి!" అని పేరంటాలు అరుగుమీద అమ్మలక్కలతో మొత్తుకుంటుంది. ఆ మొత్తుకోవడం కొంచెం గొప్ప చెప్పుకోవడంలా ఉంటుంది.

నిన్న ఒక జాతరలో కథ. వేదిక ఎక్కేముందు బుల్లబ్బాయి నన్ను ఎత్తుకుని, చుట్టూ ఎవరూ చూడటం లేదని చూసుకుని, నా నోటి దగ్గర నోరు పెట్టి గుసగుసగా అడిగాడు.

"వాయించనా?"

వాయించమన్నాను. అడిగితే కాదనే కొంప కాదు మాది.